‘అన్నారు కదా’: రాజకీయాల్లోనూ, పరిశోధనలోనూ మాట ఎక్కడ దారి తప్పుతుంది?

అనంతపురంలో విశ్వవిద్యాలయం గేటు బయట టీ అంగడి దగ్గర సాయంత్రం అరగంట నిలబడితే రెండు రకాల ఫిర్యాదులు చెవిన పడతాయి. బెంచీ మీద కూర్చుని పేపరు తిరగేస్తున్న పెద్దాయన పక్కవారితో ‘కడపకు ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్నారు కదప్పా, ఏమాయె?’ అంటాడు. రెండడుగుల దూరంలో స్పైరల్ బైండింగ్ చేయించిన కాగితాల కట్ట పట్టుకున్న పరిశోధక విద్యార్థి తన స్నేహితుడితో ‘మూడో చాప్టర్ బాగుందన్నారు కదా, ఇప్పుడేమో మళ్లీ మొదటి నుంచి రాయమంటున్నారు’ అంటాడు. ఒకరిది ప్రభుత్వంతో పేచీ, మరొకరిది గైడ్‌తో పేచీ. రెండు వాక్యాల బరువునూ మోస్తున్నది మాత్రం ‘అన్నారు కదా’ అన్న మాటే.

ఈ మాట వెనుక ఏం జరుగుతుందో విడదీసి చూడాలంటే, మనం సాధారణంగా కలిపేసే నాలుగు సంగతులను ముందు వేరు చేసుకోవాలి. మాట వినబడకపోవడం ఒకటి. సభలో మైకు పనిచేయకపోతే అది జరుగుతుంది. విన్నది అర్థం కాకపోవడం రెండోది. అప్పుడు అర్థం కాలేదన్న సంగతైనా విన్నవారికి తెలుస్తుంది. మూడోది అపార్థం: చెప్పినవారు ఒకటి అనుకుని చెబుతారు, విన్నవారు ఇంకొకటి అనుకుని వింటారు, ఇద్దరూ తమకు స్పష్టంగానే ఉందనుకుని విడిపోతారు. నాలుగోది మాట తప్పడం, అంటే ఇద్దరికీ ఒకే అర్థం తెలిసి కూడా చెప్పినవారు చేయకపోవడం. వీటిలో మూడోది ఎంతో కాలం బయటపడదు, బయటపడ్డ రోజున అచ్చం నాలుగోదానిలాగే కనిపిస్తుంది. ‘అపార్థం జరిగింది’ అనాల్సిన చోట ‘మోసం చేశారు’ అనీ, ‘మోసం చేశారు’ అనాల్సిన చోట ‘మీరే తప్పుగా అర్థం చేసుకున్నారు’ అనీ వినడానికి ఈ పోలికే కారణం.

మాటకూ తాత్పర్యానికీ మధ్య ఖాళీ

మన తర్కశాస్త్ర సంప్రదాయంలో ఒక పాత ఉదాహరణ ఉంది. యజమాని సేవకుడితో ‘సైంధవం తీసుకురా’ అంటాడు. సైంధవం అంటే ఉప్పు. సింధుదేశపు గుర్రం కూడా సైంధవమే. భోజనానికి కూర్చున్నప్పుడు ఆ మాటంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమై వాకిట్లో నిలబడి అంటే గుర్రం తేవాలి. శబ్దం మారలేదు, సందర్భమే అర్థాన్ని తేల్చింది. వాక్యానికి అర్థం కుదరాలంటే పదాల మధ్య ఆకాంక్ష (ఒక పదం మరో పదాన్ని కోరడం), యోగ్యత (వాటి అర్థాలు పొసగడం), సన్నిధి (అవి దగ్గరగా ఉండటం) ఉండాలని చెప్పిన పండితులు, వాటితోపాటు తాత్పర్యం, అంటే చెప్పినవారి ఉద్దేశం కూడా తెలియాలని అన్నది ఇందుకే. ఇంగ్లండుకు చెందిన తత్త్వవేత్త పాల్ గ్రైస్ 1967లో చేసిన ఉపన్యాసాల్లో ఇదే సంగతిని మరో వైపు నుంచి విడమర్చాడు. ఎదుటివాడు సంభాషణకు సహకరిస్తున్నాడని, సందర్భానికి తగినదే చెబుతున్నాడని వినేవారు ముందే నమ్ముతారు కాబట్టి, చెప్పని సంగతులను కూడా తామే పూరించుకుని వింటారన్నది ఆయన వివరణ.

ఇంత దూరం వెళ్లకుండా మన ఇంటి గుమ్మం దగ్గరే దీన్ని చూడవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవారు వెళ్లేటప్పుడు ‘వస్తాం’ అంటారు. వెళుతున్నారన్న సంగతి చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఒకే ఇంటి మర్యాదలో పెరిగిన వాళ్లకు ఆ మాటలో సందిగ్ధమే లేదు. అదే మాటను తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారు వింటే, మళ్లీ లోపలికి వస్తారేమోనని తలుపు తీసే ఉంచుతారు. అపార్థానికి మూలం తరచుగా పదంలో ఉండదు. ఇద్దరూ ఒకే సందర్భంలో ఉన్నామని అనుకోవడంలోనే ఉంటుంది.

చెప్పేవారికి ఈ ఖాళీ ఎందుకు కనిపించదో చూపే ప్రసిద్ధ ప్రయోగం ఒకటుంది. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరికి అందరికీ తెలిసిన పాటలు ఇచ్చి, వాటి తాళాన్ని మాత్రం బల్ల మీద వేళ్లతో కొట్టమంది. ఎదురుగా కూర్చున్నవారు అది ఏ పాటో చెప్పాలి. వినేవారిలో సగం మంది గుర్తుపడతారని తాళం వేసినవారు అంచనా వేశారు. 120 పాటలలో శ్రోతలు గుర్తుపట్టింది 3 మాత్రమే. తాళం వేసేవారి తలలో పాట మొత్తం మోగుతూ ఉంటుంది, ఎదుటివారికి వినిపించేది మాత్రం వట్టి టకటక. ముప్పై ఏళ్లుగా ఒకే విషయం మీద పనిచేస్తున్న ఆచార్యుడు ‘ఇంకొంచెం లిటరేచర్ చూడు’ అన్నప్పుడు ఆయన తలలో మోగే పాట ఎంత పెద్దదో, మొదటి సంవత్సరం స్కాలర్‌కు వినిపించే టకటక ఎంత చిన్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తెలుగు క్రియల్లో దాగి ఉన్న రెండర్థాలు

భాషలన్నిటిలోనూ సందిగ్ధాలు ఉంటాయి. మన భాషలో అవి ఎక్కువగా క్రియ చివర కూర్చుంటాయి. ‘అన్నారు’ అన్న పదాన్నే చూడండి. ఎవరన్నారో చెప్పకుండానే తెలుగులో ఆ వాక్యం పూర్తవుతుంది. అన్నది ఒక్కరా, పదిమందా అన్నదీ తేలదు, ఎందుకంటే గౌరవవాచకమూ బహువచనమూ ఒకటే రూపం. ‘ఫ్యాక్టరీ ఇస్తామన్నారు’ అన్న వాక్యంలో ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి, కలెక్టరు, ఎన్నికల సభలో మాట్లాడిన ఊరి నాయకుడు అందరూ సమానంగా ఇమిడిపోతారు. ఎవరి మాటకు ఎంత అధికారముందో తెలియకుండానే అది ‘మాట’ అయి కూర్చుంటుంది. డిపార్ట్‌మెంటులో కూడా అంతే. ‘పేపర్ లేకుండానే సబ్మిట్ చేయొచ్చన్నారు’ అన్న వాక్యం గైడ్ నుంచి వచ్చిందో, సెక్షన్ గుమాస్తా నుంచి వచ్చిందో, సీనియర్ స్కాలర్ నుంచి వచ్చిందో వినేవారికి తెలియదు.

‘చేస్తాం’ అన్నది ఇంకో రకం. భవిష్యత్తుకూ అలవాటుకూ తెలుగులో అదే రూపం కాబట్టి, ‘రైతులకు నీళ్లు ఇస్తాం’ అన్న వాక్యం ఒక వాగ్దానం కావచ్చు, ఒక అంచనా కావచ్చు, ‘మామూలుగా ఇస్తూనే ఉంటాం’ అన్న వర్ణన కావచ్చు. ‘ఉండాలి’ కూడా ఇలాంటిదే. ‘థీసిస్‌కు పబ్లికేషన్ ఉండాలి’ అంటే నిబంధన అది అని అర్థం. ఉంటే బాగుంటుందన్న కోరిక కూడా అదే మాటలో వస్తుంది. ‘సార్ రూములోనే ఉండాలి’ అన్నప్పుడు అది కేవలం ఊహ.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది నా దృష్టిలో ‘ద్దాం’. చూద్దాం, రాద్దాం, చేద్దాం. ఇందులో మాట్లాడేవారూ వినేవారూ ఇద్దరూ ఉంటారు, అందుకే అది వినడానికి అంత చల్లగా ఉంటుంది. పని ఎవరిదో మాత్రం అది చెప్పదు. గైడ్ ‘దీని మీద ఒక పేపర్ రాద్దాం’ అంటారు. తను రాయాలని స్కాలర్ అనుకోవచ్చు, ఆయన మొదలుపెడతారని ఎదురుచూడనూ వచ్చు. మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్న అసలే తెరవబడదు. ‘చూద్దాం’ అయితే ఇంకా బరువైనది. రాయలసీమలో కాదని ముఖం మీద చెప్పడం మర్యాద కాదు కాబట్టి ‘చూద్దాంలే’ అన్నది చాలాసార్లు సున్నితమైన తిరస్కారం. అది తెలిసినవారు లేచి వెళ్లిపోతారు. తెలియనివారు, లేదా ఎంతో అవసరంలో ఉన్నవారు, దాన్ని సగం అంగీకారంగా తీసుకుని నెలల తరబడి తిరుగుతారు. ఎమ్మెల్యే ఇంటి ముందు అర్జీ పట్టుకుని నిలబడిన రైతు, ప్రొఫెసర్ గది ముందు నిలబడిన స్కాలర్ ఈ విషయంలో ఒకే వరుసలో ఉంటారు.

ఒక చట్టంలో ఒక వాక్యం: కడప ఉక్కు

ఇప్పుడు రాజకీయం వైపు వద్దాం. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఉక్కు ఫ్యాక్టరీ మాట ఉంది. దాని సారాంశం ఇది: రాష్ట్రం ఏర్పడే తేదీ, అంటే 2014 జూన్ 2 నుంచి ఆరు నెలల్లోగా వైఎస్సార్ జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం నెలకొల్పడానికి గల సాధ్యాసాధ్యాలను భారత ఉక్కు ప్రాధికార సంస్థ, అంటే సెయిల్, పరిశీలించాలి.

ఈ వాక్యంలో ‘ఆరు నెలల్లోగా’ అన్న గడువు ఉంది, చేసి తీరాలన్న విధి ఉంది, జిల్లా పేరుంది, సంస్థ పేరుంది. ఒక వాగ్దానానికి ఉండాల్సిన హంగులన్నీ ఉన్నాయి. కానీ క్రియ ‘నెలకొల్పాలి’ కాదు, ‘పరిశీలించాలి’. గడువూ విధీ ఆ పరిశీలనకే వర్తిస్తాయి. అది లాభసాటి కాదని సెయిల్ తొలి నివేదికలో చెప్పినప్పుడు, చట్టంలోని అక్షరం నెరవేరిందని ఢిల్లీలో అనుకున్నారు. చట్టాన్ని ఉల్లంఘించారని కడపలో అనుకున్నారు. రాష్ట్రాన్ని విభజించి, అన్యాయం జరుగుతుందన్న ప్రాంతానికి ఊరట కోసం రాసిన షెడ్యూలులో ఒక కర్మాగారం పేరు పెడితే, జనం దాన్ని హామీగానే చదువుతారని రాసినవారికి తెలియకుండా ఉండదని సీమవాసుల వాదన. పార్లమెంటు ఆమోదించిన వాక్యాన్ని అందులో లేని క్రియతో చదవలేమని, లాభనష్టాలు చూడకుండా ఏ ప్రభుత్వ సంస్థా వేల కోట్లు పెట్టలేదని రెండో పక్షం. సైంధవం ఉదాహరణతో చెప్పాలంటే ఒకరు సందర్భాన్ని చదువుతున్నారు, మరొకరు శబ్దాన్ని చదువుతున్నారు.

మాటకు చేత కూడా తోడైంది, అదీ ఈ చట్టానికి ముందు నుంచే. జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు పరిశ్రమ పేరిట 2007లో ఒకసారి, 2018 డిసెంబరులో ఒకసారి, 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో మరొకసారి, వేర్వేరు ప్రభుత్వాల కాలంలో, వేర్వేరు ప్రతిపాదనల కింద శంకుస్థాపనలు జరిగాయి. శంకుస్థాపన కూడా ఒక భాషే. ఇంటికి ముగ్గు పోసి శంకువు నాటాక ఆ ఇల్లు మొదలైనట్టేనని మన సంప్రదాయం చెబుతుంది. గృహస్థు ఆ తర్వాత వెనక్కి తగ్గడు. ప్రభుత్వాల లెక్కలో అది ఒక ఉద్దేశ ప్రకటన. భూమి, నీరు, ముడి ఇనుము, అప్పు ఇచ్చే బ్యాంకులు, ఇవన్నీ కుదిరాకే పని మొదలవుతుంది. శిలాఫలకం ముందు చప్పట్లు కొట్టిన యువకుడికి ఈ రెండు లెక్కల తేడా ఎవరూ చెప్పలేదు. అతని బాధను ‘తొందరపాటు ఆశ’ అని కొట్టేయడం నాకు న్యాయంగా తోచదు.

టీఎంసీ వేరు, క్యూసెక్కు వేరు

కొన్ని అపార్థాలు పదాల నుంచి కాక కొలతల నుంచి పుడతాయి. కృష్ణా నీళ్ల మీద చర్చ వేడెక్కినప్పుడల్లా ఈ రెండు కొలతలు కలగాపులగమవుతాయి కాబట్టి లెక్క వేసి చూడటం మంచిది. టీఎంసీ నీటి పరిమాణానికి కొలత: వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు ప్రవాహ వేగానికి కొలత: సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీళ్లు తెచ్చే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ (కాలువ మొదట్లో నీటిని వదిలే గేట్ల కట్టడం) సామర్థ్యాన్ని 11,000 క్యూసెక్కుల నుంచి 44,000 క్యూసెక్కులకు పెంచాలని 2005లో నిర్ణయించారు. 44,000 క్యూసెక్కులంటే రోజుకు సుమారు 3.8 టీఎంసీలు. ఈ సంఖ్య విన్న తెలంగాణ రైతు, నెలకు 114 టీఎంసీలు తరలిపోతాయని లెక్క వేసుకుని ఉలిక్కిపడతాడు. అదే సంఖ్య విన్న నంద్యాల రైతు, తనకు నెలకు 114 టీఎంసీలు రాబోతున్నాయని లెక్క వేసుకుని సంతోషిస్తాడు. ఇద్దరి లెక్కా తప్పలేదు, కానీ ఇద్దరూ గేటు వెడల్పును నీటి వాటాగా విన్నారు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం తగ్గేకొద్దీ ఆ తూముల గుండా పారే నీరు కూడా తగ్గుతుంది. వరద ఉండేది ఏడాదిలో కొద్ది వారాలే కాబట్టి, ఆ కొద్ది రోజుల్లోనే తమ వాటా తీసుకోవడానికి గేటు వెడల్పు కావాలని ఆంధ్రప్రదేశ్ చెబుతుంది. గేటు వెడల్పయ్యాక వాటాకు మించి తీసుకోకుండా ఆపేదెవరని తెలంగాణ అడుగుతుంది. 2020లో రోజుకు 3 టీఎంసీలు ఎత్తిపోసే రాయలసీమ ఎత్తిపోతల పథకానికి ఉత్తర్వు వచ్చినప్పుడు ఇదే వాదం మళ్లీ మొదటి నుంచి జరిగింది.

దీనికి అడుగున ఇంకా పాత సందిగ్ధం ఒకటుంది. కృష్ణా జలాల వివాదాన్ని తేల్చడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీల నికర జలాలు (ఖాయంగా దొరుకుతాయని లెక్కగట్టినవి) కేటాయించి, వాటికి మించి మిగిలిన నీటిని వాడుకునే స్వేచ్ఛ ఇచ్చింది, కానీ దాని మీద హక్కు ఏర్పడదని కూడా చెప్పింది. వాడుకోవచ్చు, హక్కు మాత్రం లేదు. హంద్రీ-నీవా, గాలేరు-నగరి వంటి పథకాలను మిగులు జలాల ఆధారంగానే తలపెట్టారు. కాలువలో నీళ్లు చూసిన రైతు అవి తన నీళ్లేనని నమ్ముతాడు. ‘మిగులు’ అన్న చిన్న పదం అతని దాకా చేరదు, చేర్చాలన్న ఆసక్తి వేదిక మీద ఉన్నవారికి సాధారణంగా ఉండదు.

కర్నూలు, న్యాయ రాజధాని, బెంచ్

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, రాజధాని, హైకోర్టు చెరొక ప్రాంతంలో ఉండాలని, ఏది కావాలో కోరుకునే అవకాశం రాయలసీమకు ఉండాలని చెప్పింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది, మరుసటేడు హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956లో రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. అది నాయకుల మధ్య ఒడంబడిక మాత్రమే, చట్టం కాదు. అయినా సీమలో మూడు తరాల వారు దాన్ని చట్టం కంటే గట్టి మాటగా గుర్తుంచుకున్నారు.

2020లో రాష్ట్ర శాసనం కర్నూలును న్యాయ రాజధాని అన్నప్పుడు ఆ జ్ఞాపకమంతా ఒక్కసారిగా లేచింది. కానీ పునర్విభజన చట్టం 31వ సెక్షను ప్రకారం హైకోర్టు ప్రధాన పీఠం ఎక్కడుండాలో రాష్ట్రపతి ఉత్తర్వు నిర్ణయిస్తుంది. న్యాయమూర్తులు మరోచోట కూర్చుని విచారణ జరపాలంటే ప్రధాన న్యాయమూర్తి నిర్ణయం, గవర్నరు ఆమోదం కావాలి. ‘న్యాయ రాజధాని’ అన్న పదానికి ఆ చట్టంలో చోటే లేదు. 2021 నవంబరులో రాష్ట్రమే ఆ శాసనాన్ని ఉపసంహరించింది. 2024 నవంబరులో కర్నూలులో శాశ్వత బెంచ్ కోరుతూ శాసనసభ తీర్మానించింది. ప్రధాన పీఠం, బెంచ్, న్యాయ రాజధాని అనే మూడూ వేర్వేరు సంగతులు, వేర్వేరు చేతుల్లో ఉన్నవి. వీధిలో మాత్రం మూడింటినీ ‘హైకోర్టు వస్తుందన్నారు’ అనే ఒక్క మాటలోనే చెప్పుకుంటారు.

గైడ్ గదిలో

ఇక చిన్న గది దగ్గరికి వద్దాం. ఈ ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో నేను స్కాలర్‌గా ఉన్న రోజుల్లో నా రెండో చాప్టర్ ప్రతి తిరిగి నా చేతికి వచ్చింది. పదిహేడో పేజీలో ఒక పేరా చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసి ఉంది. పక్కన ఒక్క అక్షరం లేదు. బడిలో వాచకంలో ముఖ్యమైన పేరా చుట్టూ మా అయ్యవారు అలాగే గీసేవారు, పరీక్షలో వస్తుందని. అందుకే గైడ్‌గారికి ఆ పేరా నచ్చిందనుకున్నాను. మూడు నెలలు కష్టపడి ఆ పేరాను పదకొండు పేజీలు చేశాను. ఆయన అది చూసి చాలాసేపు మౌనంగా ఉండి, ‘ఇది తీసెయ్యమని కదా గీశాను’ అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. ఆ గీత అంత స్పష్టంగా ఉండగా నేనెలా చూడలేదన్నది ఆయనకు అర్థం కాలేదు. ఆ గీత ఇంకోలా కూడా ఉండవచ్చని నాకు తోచనే లేదు. బల్ల మీద తాళం ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పెన్సిలు గుండ్రమే గుర్తొస్తుంది.

మూడు నెలలంటే ఎంత అన్నది నిబంధనల వెలుగులో లెక్క వేయాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, మహిళలకూ నిర్ణీత శాతం వైకల్యం ఉన్నవారికీ మరికొంత సడలింపు ఉంటాయి. ఆరేళ్లంటే పన్నెండు సెమిస్టర్లు. ప్రతి సెమిస్టరులో స్కాలర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు తన పని చూపించాలి. ఒక ‘బాగుంది’ని తప్పుగా విని, ఆ తప్పు తర్వాతి కమిటీ సమావేశంలోనే బయటపడితే, పన్నెండింటిలో ఒకటి పోయినట్టే. అలా మూడుసార్లు జరిగితే ఏడాదిన్నర. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లే కాబట్టి, ఆరో ఏడాదిలోకి జారినవారు జీతమూ ఫెలోషిప్పూ లేకుండా థీసిస్ రాయాలి. ఫెలోషిప్ లేనివారికి ఆ భారం మొదటి రోజు నుంచే ఉంటుంది. ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి ఒక సెమిస్టరు అంటే ఏమిటో, ఆ గదిలో ‘ఇంకొంచెం చూడమ్మా’ అన్నవారికి ప్రతిసారీ గుర్తుండకపోవచ్చు.

నిబంధనలు మారడం వల్ల ఇద్దరూ నిజమే చెబుతూ అపార్థంలో పడే సందర్భాలు కూడా ఉన్నాయి. 2016 నిబంధనల్లో థీసిస్ సమర్పించేలోగా రిఫరీడ్ జర్నల్‌లో (నిపుణులు పరిశీలించాకే వ్యాసాలు వేసే పత్రికలో) ఒక పేపరు తప్పనిసరి. 2022 నిబంధనలు ఆ షరతును తీసేశాయి, అయితే విశ్వవిద్యాలయం తన సొంత నియమంగా ఉంచుకోవచ్చు. గైడ్ ‘పేపర్ ఉండాలి’ అంటే పాత నిబంధననా, విశ్వవిద్యాలయ నియమాన్నా, ఉద్యోగానికి పనికొస్తుందన్న పెద్దరికపు సలహానా చెబుతున్నదన్నది ఆ రెండు పదాల్లో తేలదు. ‘ప్లేజియరిజం (ఇతరుల రాతను తనదిగా చూపడం) పది శాతం లోపు ఉండాలి’ అన్న మాట ఇంకా హానికరం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు. అది యాదృచ్ఛికంగా కలిసే వాక్యాలకు వదిలిన వెసులుబాటు. ఆ మాట విని, పది శాతం దాకా ఇంకొకరి వాక్యాలు తెచ్చుకోవచ్చని నమ్మే విద్యార్థులు తక్కువేం కాదు. అలా నమ్మినవారంతా దొంగలు కారు.

ఇది అపార్థమా, అధికారమా?

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వినాలి. ‘అపార్థం’ అన్న పదమే బలవంతుడికి అనుకూలమని కొందరు అంటారు. మాట స్పష్టంగా ఉంటే లెక్క అడుగుతారు కాబట్టి నాయకులు తెలిసే మసక మాట ఎంచుకుంటారు. స్కాలర్ మళ్లీ అడగలేడు కాబట్టి గైడ్‌కు స్పష్టంగా చెప్పాల్సిన అవసరం రాదు. సంతకం ఒకరి చేతిలో ఉన్నప్పుడు రెండోవారు ‘మీరన్నది నాకు అర్థం కాలేదు సార్’ అనే వాక్యాన్ని గొంతులోనే మింగేస్తారు. ఈ వాదనలో చాలా నిజం ఉంది. ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నిటిలోనూ నష్టం ఎప్పుడూ ఒకే వైపు పడిందన్నది గమనించదగ్గ సంగతి. రైతు గానీ స్కాలర్ గానీ తప్పుగా వింటే ఏళ్లు పోతాయి; నాయకుడు గానీ గైడ్ గానీ తప్పుగా చెబితే ఒక సమావేశం పోతుంది.

దీనికి ఎదురుగా ఉన్న మాటనూ పక్కన పెట్టలేం. కొంత మసక లేకుంటే కొన్ని ఒప్పందాలు అసలు కుదరవు. శ్రీబాగ్‌లో సీమకు నీటి ప్రాధాన్యం అని రాశారు గానీ ఎన్ని వేల ఎకరాలకు అని రాయలేదు. రాయమని పట్టుబట్టి ఉంటే ఆ రోజు సంతకాలు పడేవి కావేమో. పరిశోధనలో కూడా ఫలితం ముందే తెలియదు కాబట్టి, ‘ఇది రుజువవుతుందా?’ అన్న ప్రశ్నకు నిజాయితీ గల గైడ్ ‘చూద్దాం’ అనే అంటారు. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మార్గదర్శనం చేయవచ్చు. తరగతులు, పరీక్షలు, న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) పనుల మధ్య ఎనిమిది మందికీ ప్రతి వాక్యం విడమర్చి చెప్పడం అయ్యే పని కాదని గైడ్‌లు అంటే అది సాకు మాత్రమే కాదు. పైగా, పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు నొచ్చుకుంటాడని ‘బాగుంది’ అనేవారు ఎక్కువ మంది దయతోనే అంటారు.

నా అభిప్రాయంలో ఈ రెండు వాదనలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మాట మసకగా ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు కారణం దయ కావచ్చు, అనిశ్చితి కావచ్చు, ఎత్తుగడ కావచ్చు. బయటినుంచి చూసి తేల్చడం కష్టం. అది ఏళ్ల తరబడి మసకగానే ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు మాత్రం జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: తిరిగి అడిగే చోటు కింద ఉన్నవారికి లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నప్పుడు, సభలో చేసిన ఆ ప్రకటన చట్టంలోకి ఎక్కలేదన్న సంగతి ఆ రోజు టీవీ ముందు కూర్చున్న ఎంతమందికి తెలుసు? 2016 సెప్టెంబరులో హోదాకు బదులు ప్రత్యేక ప్యాకేజీ ప్రకటించాక, సభలో ప్రధాని మాటకు కట్టుబడాలన్నవారూ, పద్నాలుగో ఆర్థిక సంఘం తర్వాత విధానం మారిందన్నవారూ ఏళ్లపాటు వాదించుకున్నారు.

‘అన్నారు’ను రాసిపెట్టే చోట్లు

ఈ చిక్కును వ్యవస్థలు ఎన్నడూ గుర్తించలేదనడం సరికాదు. లోక్‌సభలో 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. సభలో మంత్రులు ఇచ్చిన జవాబులను పరిశీలించి, అందులో హామీ అనదగ్గవి ఏరి, అవి నెరవేరాయా అని అడగడం దాని పని. అందుకోసం కొన్ని వాక్యరూపాల పట్టికనే తయారు చేసుకున్నారు: ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘నేను చూస్తాను’ వంటివి మంత్రి నోట వస్తే అవి హామీలుగానే లెక్క, మామూలుగా మూడు నెలల్లో తీర్చాలి. మన ఊరి ‘చూద్దాంలే’కు పార్లమెంటు ఒక గడువు కట్టిందన్నమాట. అయితే ఆ కమిటీ చూసేది సభ లోపల పలికిన మాటలనే. జమ్మలమడుగు మైదానంలోనో కర్నూలు సభలోనో పలికిన మాట దాని ముందుకు రాదు, అక్కడి మాటలే ఎక్కువ మంది చెవుల్లో నిలుస్తాయి.

విశ్వవిద్యాలయంలో దీనికి దగ్గరగా ఉండేది రీసెర్చ్ అడ్వైజరీ కమిటీయే. పురోగతి సరిగా లేకపోతే కారణాలు రాయాలని, దిద్దుబాటు సూచించాలని, తన సిఫార్సుల ప్రతిని స్కాలర్‌కు కూడా ఇవ్వాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ‘అన్నారు కదా’ అన్న వాక్యం కాగితం మీదికి వచ్చేది అక్కడే. ఆ ప్రతి చాలాచోట్ల ఫైలులోనే ఉండిపోతుంది, ‘ప్రోగ్రెస్ సంతృప్తికరం’ అన్న రెండు పదాలతో. రెండు పదాలకు బదులు రెండు వాక్యాలు రాసినచోట స్కాలర్‌కు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

పదకొండు పేజీల సంఘటన తర్వాత మా గైడ్‌గారు ఏమీ అనకుండా ఒక అలవాటు మార్చుకున్నారు. ఆయన దిద్దిన తర్వాతి చాప్టర్లలో కూడా పెన్సిలు గుండ్రాలు ఉన్నాయి. ప్రతి గుండ్రం పక్కనా మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఒక క్రియ ఉండేది: తీసెయ్, పెంచు, ఆధారం చూపు, నాతో మాట్లాడు.